ఏటిగట్టు అవతలి గది

రత్నానికి కరోనా వచ్చిందని తెలిసిన రోజు ఇంట్లో అందరికంటే ముందు తేరుకున్నది రత్నమే. ఆరోగ్య కేంద్రం నుంచి ఫోనొచ్చేసరికి ఆవిడ వంటింట్లో పప్పు ఎనుపుతోంది. చెప్పింది విని, పప్పుగుత్తి కింద పెట్టి, పొయ్యి ఆపి, పైటచెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పెరటి గుమ్మంలోంచి బయటికి నడిచింది. నూతి పక్కన నిలబడి అక్కణ్ణుంచే కోడల్ని పిలిచింది.

"దుర్గా, గిన్నెలేవీ ముట్టుకోకమ్మా. నాకు అదే వచ్చిందంట. ముందు అత్తయ్యగార్ని హాల్లోంచి మీ గదిలోకి మార్చేయండి."

కరోనా రెండో విడత ఊళ్ళ మీద పడిన వేసవి అది. మామిడికుదురు చుట్టుపక్కల ఏ ఊళ్ళో చూసినా వీధుల్లో అడ్డంగా కర్రలు కట్టి ఉన్నాయి. రాజోలు ఆస్పత్రిలో మంచాలు లేవు, అమలాపురంలోనూ లేవు. రత్నం భర్త బుచ్చిరాజు వీధి గుమ్మంలో నిలబడి తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేస్తున్నాడు. కొడుకు మురళీమోహన్ రాజోల్లో ఓ ప్రైవేటు కాలేజీలో లెక్చరరు. గదిలో కంప్యూటరు ముందు చెప్తున్న పాఠం ఆపేసి వచ్చి ఏం చెయ్యాలో తోచక పెరట్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఓ స్కూల్లో టీచరైన కోడలు దుర్గాశ్రీ తన కొడుకు సూర్యతేజ చెయ్యి గట్టిగా పట్టుకుని మెట్ల మీద కూర్చుంది.

ఇల్లేమో అంత పెద్దది కాదు. రెండు పడగ్గదులు, హాలు, ఒకటే స్నానాలగది. ఒక గది కొడుకూ కోడలిది, ఒకటి బుచ్చిరాజుది. ఎనభై దాటిన అత్తగారు సూరమ్మకు రాత్రిళ్ళు లేచినప్పుడల్లా ఎవరో ఒకరు పట్టుకోవాలి. అందుకని హాల్లో ఆవిడ మంచం పక్కనే చాప పరుచుకుని రత్నం పడుకుంటుంది. రత్నం బట్టలు బుచ్చిరాజు బీరువాలో కింది అరలో ఉంటాయి. అంతకు మించి ఆ ఇంట్లో ఇది రత్నానిది అని చెప్పడానికి ఒక మూల లేదు. ఇన్నాళ్ళూ అది ఎవరికీ తట్టలేదు, రత్నానికి కూడా. ఇప్పుడు ఆవిణ్ణి విడిగా ఉంచాలనేసరికి అందరికీ ఒక్కసారి తెలిసొచ్చింది.

"నేను తోటలో మకాంలో ఉంటానండి," అంది రత్నం, నూతి దగ్గర్నుంచే.

మకాం అంటే ఏటిగట్టు అవతల, గోదారి పాయ వైనతేయ ఒడ్డున వాళ్ళ కొబ్బరితోటలో ఉన్న పెంకుటి గది. దింపు తీసిన కాయలు రాశి పోసుకోవడానికి, వానొస్తే కూలీలు తలదాచుకోవడానికి బుచ్చిరాజు తండ్రి కట్టించాడు. మోటారు కోసం తీసుకున్న కరెంటుంది, చేతిపంపుంది, మోటారు షెడ్డు వెనకాల మరుగుదొడ్డుంది. అయితే ఎవరూ అక్కడ కాపురమున్నది లేదు.

"అక్కడ ఒక్కదానివీ ఎలా ఉంటావే?" అన్నాడు బుచ్చిరాజు.

"ఇక్కడుంటే అత్తయ్యగారికి అంటుకుంటాదండి. అప్పుడు ఇంకా కష్టం."

ఇంకో దారి ఎవరి దగ్గరా లేదు. సాయంత్రానికి పాత కాయలు బయటకు తీయించి, కసవు ఊడ్పించి, ఫ్యాను బిగించి, మడత మంచం వేయించారు. రత్నం సంచిలో నాలుగు చీరలు, దుప్పటి సర్దుకుని, గట్టెక్కి దిగి, నడిచే వెళ్ళింది. బుచ్చిరాజు వెనకాల దూరంగా వచ్చాడు. గుమ్మందాకా రాబోతుంటే, "అక్కడే ఆగండి," అంది. ఆయన ఆగాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ ఆయన్ని ఆగమనడం అదే మొదటిసారేమో.

జ్వరం గట్టిగానే వచ్చింది. మొదటి వారం ఆవిడకు సరిగ్గా గుర్తు లేదు. ఏఎన్ఎం శారోన్ రోజూ పొద్దున్నే స్కూటీ గట్టు మీద ఆపి, ముఖానికి ప్లాస్టిక్ అద్దం తగిలించుకుని దిగివచ్చేది. వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ చూసేది.

"కొంచెం తగ్గిందండి పిన్నిగారూ. కంగారేం లేదు. బోర్లా పడుకోండి. ఊపిరి గట్టిగా తీసుకోండి," అనేది. కంగారు లేదని ఆ అమ్మాయి ఎంత నెమ్మదిగా చెప్తే ఊళ్ళోవాళ్ళు అంత కంగారుపడేవాళ్ళు. ఒకరోజు మధ్యాహ్నం అంకె బాగా పడిపోయింది. బుచ్చిరాజు కారు మాట్లాడి గట్టు మీద నిలబెట్టించాడు. సాయంత్రందాకా చూద్దామంది శారోన్. ఆ అమ్మాయి మిగతా ఇళ్ళన్నీ తిరిగి మళ్ళీ వచ్చి, క్లిప్పు తీసి చూపించి, "కారు పంపించేయండి బాబయ్యగారూ," అంది. బుచ్చిరాజు కారు పంపేసి, చీకటి పడేదాకా గట్టు మీదే కూర్చున్నాడు.

ఆ తర్వాత రోజులు నెమ్మదించాయి. జ్వరం తగ్గింది, నీరసం మిగిలింది, నోటికి రుచి లేదు. ఇంటినుంచి క్యారేజీ వచ్చేది. బుచ్చిరాజే తెచ్చి పంపు పక్కన రాయి మీద పెట్టి, చెట్లకి నీళ్ళు పారే బోదె అవతలికి వెళ్ళి కొబ్బరిమొద్దు మీద కూర్చునేవాడు. ఆవిడ తిన్నంతసేపూ అక్కడే ఉండేవాడు. మొదట్లో ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలిసేది కాదు. ఇంట్లో వాళ్ళ మాటలన్నీ పనుల మీదే నడిచేవి: పాలు వచ్చాయా, తాళాలెక్కడ, ఎరువులవాడు ఫోన్ చేశాడా. ఇక్కడ అడగడానికి పనేమీ లేదు. ఒకరోజు ఆయన తన చిన్నప్పుడు ఏట్లో ఈత నేర్చుకున్న సంగతి చెప్పాడు. ఇంకోరోజు, నాన్నగారంటే భయంతో చదువు మానేశానని చెప్పాడు. రత్నం అన్నం కలుపుతూ వినేది. ఇది ఇన్నేళ్ళుగా నాకు తెలియదు కదా అనుకునేది.

రుచి ఒక్కసారిగా తిరిగి రాలేదు, ఒక్కొక్కటిగా వచ్చింది. ముందు పులుపు వచ్చింది. చెట్టు కింద రాలిన మామిడి పిందె కడుక్కుని కొరికితే ఒళ్ళంతా జలదరించింది. ఆవిడ నవ్వుకుంటూ మొత్తం తినేసింది. తర్వాత ఉప్పు, కారం. ఇంటినుంచి ఏమొచ్చినా, ఇది నాకు నచ్చుతుందా అని కొత్తగా చూసుకోవడం మొదలుపెట్టింది. పప్పులో వెల్లుల్లి తాలింపు ఆవిడకు చాలా ఇష్టమని తెలిసింది. ఇంట్లో అత్తగారికి పడదని వెయ్యదు. కాఫీ అస్సలు నచ్చదని తెలిసింది. పొద్దున్నే కాఫీ కలిపి అందరికీ ఇచ్చి, గిన్నెలో మిగిలింది తనూ తాగడం అలవాటు. ఇష్టమే అనుకుంది ఇన్నాళ్ళూ.

నిద్ర సంగతి ఇంకా చిత్రం. ఎవరూ పిలవని రాత్రులు. చీకటి పడ్డాక అవతలి రేవులో జనాన్ని ఏరు దాటించే ఆఖరి పంటు ఇంజను ఆగిపోయేది. తర్వాత ఏటిగాలికి మట్టలు కదిలే చప్పుడే. పడుకుంటే తెల్లవారేది. లేచాక ఏం చెయ్యాలో తనే నిర్ణయించుకోవాలి. మొదట్లో ఆ నిర్ణయం పెద్ద బరువుగా తోచింది. పోనుపోను ఆ బరువు కోసమే త్వరగా లేవబుద్ధయ్యేది.

రెండు వారాలు దాటాక శారోన్ వచ్చి, "ఇంక ఇంటికెళ్ళిపోవచ్చండి పిన్నిగారూ," అంది.

"ఇంకా నీరసంగా ఉందమ్మా. నాల్రోజులుండి వెళ్తాను."

నాల్రోజులు వారమయ్యాయి. కాళ్ళు లాగుతున్నాయంది. తర్వాత, అత్తయ్యగారికి టీకా రెండోది పడనివ్వండి, అప్పుడొస్తాను అంది. అదీ పడింది. తొలకరి మొదలైంది. ఒకరోజు పొద్దున మురళీమోహన్ బండి తీసుకుని వచ్చాడు.

"సామాను సర్దు అమ్మా, వెళ్దాం."

రత్నం గుమ్మంలో కూర్చుని గోంగూర ఆకు తుంచుతోంది. ఇంక సాకులు చెప్పడానికి ఆవిడకు సిగ్గేసింది.

"నేనిక్కడే ఉంటాన్రా."

"ఇంకెన్నాళ్ళు?"

"ఉంటాను. ఇక్కడే ఉండాలనుంది."

మురళీమోహన్‌కు అర్థం కాలేదు. బండి స్టాండేసి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. "నాన్నగారేమన్నా అన్నారా?"

"లేదు."

"దుర్గేమన్నా అందా? ఉంటే చెప్పు, నేను మాట్లాడతాను."

"పిచ్చివాడా, అదేమంటాది నన్ను. బంగారంలాంటి పిల్ల."

"మామ్మ?"

"ఎవరూ ఏమీ అన్లేదురా. నాకెవరి మీదా కోపం లేదు. కోపముంటే రెండ్రోజుల్లో పోయేది, వచ్చేసేదాన్ని."

"మరెందుకమ్మా?"

రత్నం ఆలోచించింది. నిజంగానే చెప్పాలనుకుంది. "ఇక్కడ తలుపు వేసుకుంటే, వేసి ఉంటాదిరా," అంది చివరికి. అది చాలదని ఆవిడకూ తెలుసు. కానీ అంతకంటే నిజమైన మాట దొరకలేదు.

మనస్పర్థ ఉంటే ఊరికి అర్థమయ్యేది. పెద్దమనుషులు కూర్చుని సర్దేవారు. ఏ గొడవా లేకుండా ఆడమనిషి ఇల్లొదిలి తోటలో ఉండటం ఎవరి బుర్రకూ ఎక్కలేదు. బుచ్చిరాజుకి ఎక్కడికెళ్ళినా ఇదే. పక్కనే నగరం అనే ఊళ్ళో ఎరువుల కొట్టు దగ్గర శ్యామ్ బాబు అనే పాత స్నేహితుడు పక్కకి పిలిచి, "కరోనా కొందరికి తలకెక్కుతాదంటండి బావగారూ. ఒకసారి డాక్టరుకి చూపించండి," అన్నాడు. దుర్గాశ్రీ గురించి వీధిలో మాట్లాడుకున్నది ఇంకోలా ఉంది. అత్తగార్ని మకాంలో పెట్టేసిందంట అన్నారు. ఆ మాట దుర్గాశ్రీ చెవిన పడింది.

మురళీమోహన్ తల్లిని అమలాపురం తీసుకెళ్ళాడు. రత్నం కాదనకుండా వెళ్ళింది. ఆ డాక్టరు నెమ్మదస్తుడు. నిద్ర పడుతోందా అని అడిగాడు. బాగా పడుతోందండి అంది. ఆకలి? వేస్తోందండి. ఏడుపొస్తుందా ఊరికే? రాదండి. ఎవరైనా పిలుస్తున్నట్టు వినబడుతుందా? "ఇదివరకు వినబడేదండి, హాల్లో పడుకున్నప్పుడు. అత్తయ్యగారు పిలవకపోయినా పిలిచినట్టే లేచేదాన్ని. ఇప్పుడు లేదండి," అంది. డాక్టరు పెన్ను మూత పెట్టి, మురళీమోహన్ వైపు చూశాడు. "దేనికి మందు రాయమంటారండీ?" అన్నాడు.

తల్లీకొడుకులు కార్లో తిరిగొచ్చారు. గట్టు దగ్గర దిగాక మురళీమోహన్, "గదికి గడియ సరిగ్గా పడటం లేదు. రేపు మనిషిని పంపుతాను," అని వెళ్ళిపోయాడు.

రత్నాన్ని నిజంగా కదిలించింది దుర్గాశ్రీ. ఒక ఆదివారం మధ్యాహ్నం ఒక్కతే వచ్చింది. ముఖం అలిసిపోయి ఉంది. మంచం మీద కూర్చోమంటే కూర్చోలేదు.

"అత్తయ్యగారండీ, ఒక మాట చెప్తాను. ఏమీ అనుకోకండి."

"చెప్పమ్మా."

"మీరిక్కడ ఉండటం నాకేం తప్పుగా లేదండి. ఊళ్ళోవాళ్ళు ఏవేవో అంటున్నారు, అదీ పడతాను. కానీ పొద్దున్నే లేచి వంట నేనే, మామ్మగారికి స్నానం నేనే, బాబు పాఠాలు నేనే. పదింటికి మా స్కూలు వాళ్ళు ఆన్‌లైన్ క్లాసు చెప్పమంటున్నారు. మీరు హాయిగా ఉన్నారు. ఆ హాయి నా నెత్తి మీద కూర్చుంది. నాకు కోపమొస్తోందండి."

అనేసి, అన్నందుకు భయపడినట్టు నిలబడింది. రత్నం ఆ అమ్మాయి వైపు చూసింది. కొడుకు అడిగినా, ఊరు అన్నా చలించనిది ఇప్పుడు ముఖం దించుకుంది. ఆ హాల్లో, ఆ వంటింట్లో తను ఇన్నేళ్ళూ మింగిన మాటే ఇది. తను ఎవరికీ చెప్పలేదు. ఈ పిల్ల చెప్పింది.

"కూర్చో," అంది. "కోపం రావలసిందే. నేను ఆలోచించలేదు."

దుర్గాశ్రీ కూర్చుంది. రత్నం కొబ్బరికాయ కొట్టి నీళ్ళు గ్లాసులో పోసి ఇచ్చింది. ఇద్దరూ ఏటి వైపు చూస్తూ చాలాసేపు మాట్లాడుకున్నారు. వెళ్ళేముందు దుర్గాశ్రీ గది నాలుగు వైపులా చూసి, "ఇక్కడ ఫోను సిగ్నలొస్తాదాండీ?" అని అడిగింది.

"సరిగ్గా రాదమ్మా."

"అదృష్టవంతులండి," అని నవ్వింది.

మర్నాటి నుంచి రత్నం పొద్దున్నే గట్టు దాటి ఇంటికి వెళ్ళడం మొదలుపెట్టింది. అత్తగారికి స్నానం చేయించి, జడ వేసి, వంటలో సగం చేసి, అందరితో కలిసి భోంచేసి, మధ్యాహ్నం ఎండ వాలాక తోటకి తిరిగొచ్చేది. రెండో సగం వంట ఎవరిది అన్న ప్రశ్న వచ్చింది. మురళీమోహన్‌కి వేపుళ్ళు చెయ్యడం వచ్చునని అప్పుడు బయటపడింది. కాలేజీ హాస్టల్లో ఉన్నప్పుడు నేర్చుకున్నాడంట. ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు, వాడూ చెప్పలేదు.

మిగిలింది రాత్రుళ్ళు. సూరమ్మ పక్కన ఎవరు పడుకోవాలి? ఎవరూ నోరెత్తక ముందే బుచ్చిరాజు తన మంచం హాల్లోకి ఈడ్పించుకున్నాడు. "మా అమ్మే కదా," అన్నాడు పొడిగా.

మొదటి నెల ఆయన కళ్ళు ఎర్రగా ఉండేవి. సూరమ్మ రాత్రికి ఎన్నిసార్లో లేస్తుంది. ఒకసారి బాత్రూముకి, ఒకసారి మంచినీళ్ళకి, ఒకసారి ఊరికే, తెల్లారిందేమో చూడమని. లేచాక ఆయనకు మళ్ళీ నిద్ర పట్టేది కాదు. ఒకరోజు సాయంత్రం తోటకి వచ్చి, అలవాటుగా బోదె అవతలే మొద్దు మీద కూర్చున్నాడు. దూరం పాటించాల్సిన రోజులు ఎప్పుడో అయిపోయాయి. అయినా ఆయన దాటి రాలేదు, ఆవిడ రమ్మనలేదు.

"రత్నం."

"ఏమండీ."

"నువ్వు ఇన్నేళ్ళు ఎలా నిద్రపోయావే?"

ఆవిడ చీపురుపుల్లలు చీరుతున్న కత్తి ఆపింది. "పోలేదండి," అంది.

బుచ్చిరాజు పొద్దుగూకేదాకా కూర్చుని లేచి వెళ్ళాడు.

ఆ ఏడాదిలో చుట్టుపక్కల చాలా ఇళ్ళు మారాయి. శ్యామ్ బాబు పెరట్లో విడిగా ఒక గదీ, దానికి బయటి గుమ్మమూ కట్టించుకున్నాడు. మళ్ళీ అలాంటి రోజులొస్తే పనికొస్తుందన్నాడు గానీ రోజూ మధ్యాహ్నం అందులోనే పడుకునేవాడు. హైదరాబాదు నుంచి వచ్చిన అక్షయ అనే అమ్మాయి, ఆమె భర్త ఊళ్ళో ఓ మేడ మీద పోర్షను అద్దెకు తీసుకుని, అక్కణ్ణుంచే ఉద్యోగాలు చేసుకుంటూ, వెనక్కి వెళ్ళడం వాయిదా వేస్తూ పోయారు. మలికిపురంలో మూడంతస్తులు కట్టాలనుకున్న ఒకాయన ఒక అంతస్తుతో ఆపి చుట్టూ వసారా వేయించుకున్నాడు. ఇవన్నీ చూశాక ఊరు రత్నాన్ని గురించి మాట్లాడటం తగ్గించింది. ఇంకో కొత్త సంగతి దొరికింది, అంతే.

తర్వాతి ఏడు ఆషాఢంలో గోదారి పొంగింది. భద్రాచలం దగ్గర నీళ్ళు పెరుగుతున్నాయని టీవీలో చెప్తూనే ఉన్నారు. రెండ్రోజుల్లో వైనతేయ రంగు మారి, ఒడ్డు మీదికి వచ్చి, తోటలో కాళ్ళు తడిపింది. మురళీమోహన్, బుచ్చిరాజు ఇద్దరూ మోకాళ్ళ లోతు నీళ్ళలో వచ్చి మంచం, ఫ్యాను, గిన్నెలు మోసుకెళ్ళారు. రత్నం చీరలు మూటగట్టి నెత్తిన పెట్టుకుని గట్టెక్కింది. వెనక్కి తిరిగి చూస్తే గది గుమ్మంలోకి నీళ్ళు మెల్లగా వెళ్తున్నాయి.

ఇల్లు అందరినీ కలుపుకుంది. ఊరంతా అనుకున్నది ఒకటే, ఇంక రత్నం మళ్ళీ వెళ్ళదని. రత్నం కూడా ఒక మనసుతో అలాగే అనుకుంది. ఏరే చెప్పేసింది కదా, ఇంక చాలని. హాల్లో అత్తగారి పక్కన మళ్ళీ చాప వేసుకోబోతే బుచ్చిరాజు, "నువ్వు నా గదిలో పడుకో. ఇక్కడ నేనున్నాను," అన్నాడు.

వరద రోజుల్లో ఒక మధ్యాహ్నం అందరూ గట్టు మీద నీళ్ళు చూడ్డానికి వెళ్ళారు. ఇంట్లో అత్తాకోడళ్ళిద్దరే మిగిలారు. బయట సన్నగా వాన. సూరమ్మ మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుంది. రత్నం ఆవిడ కాళ్ళకి నూనె రాస్తోంది.

"అమ్మాయ్," అంది సూరమ్మ. "అక్కడ రోజంతా ఏం చేస్తావే నువ్వు?"

"ఏముందండి, మొక్కలకి నీళ్ళు పెడతాను. చీపుర్లు కడతాను. ఏరు చూస్తాను."

"భయమెయ్యదా?"

"మొదట్లో వేసిందండి."

సూరమ్మ బయట వాన వైపు చూసింది. ఆవిడ పన్నెండో ఏట కాపురానికి వచ్చి, ఆ ఇంటి వంటింట్లో పదిమందికి వండి, పిల్లల్ని కని, ముసలిదైంది. గట్టు అవతల తమ తోటని ఆవిడ ఎన్నిసార్లు చూసిందో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

"బాగుంటాదా?" అని అడిగింది.

"బాగుంటాదండి అత్తయ్యగారూ."

"నాకెప్పుడూ తెలీదే, అలా ఉండొచ్చని," అంది సూరమ్మ. నిష్ఠూరం లేదు ఆ మాటలో. కాళ్ళు చాపుకుని, "ఆ మడమ దగ్గర కూడా రాయి," అంది.

నీళ్ళు తీశాయి. తోటంతా బురద మేట వేసింది. మెత్తటి మట్టి ఆరుతూ నెర్రెలిచ్చింది. గది గోడలకి నడుం ఎత్తున గీత పడింది. రత్నం ఒకసారి వెళ్ళి చూసి వచ్చేసింది. ఇంటిపనిలో పడిపోయింది. బుచ్చిరాజు మాత్రం పొద్దున్నే పార పట్టుకుని వెళ్ళి, మధ్యాహ్నం ఒళ్ళంతా బురదతో వచ్చేవాడు. చెట్ల మొదళ్ళు బాగుచేయిస్తున్నాడనుకున్నారు ఇంట్లో. వారం పోయాక ఇటుకల ట్రాక్టరు గట్టు దిగడం చూసి మురళీమోహన్ అడిగాడు.

"ఏం కడుతున్నారు నాన్నగారూ?"

"మకాం అరుగు ఎత్తు పెంచుతున్నాను. పైకప్పు ఎలాగూ పాతబడిపోయింది. గోడలూ లేపాలి."

"కాయలకి అంతెత్తు ఎందుకండి?"

"కాయలక్కాదురా. మీ అమ్మకి."

వంటింట్లో ఉన్న రత్నానికి ఆ మాట వినపడింది. గరిటె తిప్పుతూనే ఉంది. కళ్ళు మాత్రం మసకబారాయి. పోపు మాడిపోతే దుర్గాశ్రీ వచ్చి స్టవ్ తగ్గించి, అత్తగారి ముఖం చూసి, గరిటె తన చేతిలోకి తీసుకుంది.

దసరాలకి గది తయారైంది. గుమ్మానికి ఎక్కడానికి మెట్లొచ్చాయి. ఏటివైపు పెద్ద కిటికీ పెట్టించాడు బుచ్చిరాజు. పక్కనే స్నానాలగది. తలుపు కొత్తది, లోపల్నుంచి గడియ. తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టి, "ఇంకోటి చేయించలేదు," అన్నాడు.

కార్తీక మాసంలో రత్నం అత్తగారిని ఆటోలో గట్టుదాకా తెచ్చింది. కొడుకూ తనూ చెరో పక్క పట్టుకుని గట్టు దింపారు. సూరమ్మ ఆ కిటికీ దగ్గర కుర్చీలో మూడు రోజులుంది. పంటు వచ్చినప్పుడల్లా అందులో ఎంతమంది ఉన్నారో అడిగేది. నాలుగో రోజు, "నన్ను ఇంటికి తీసుకెళ్ళవే, మనుషులు లేకపోతే నాకు తోచదు," అంది. రత్నం నవ్వి తీసుకెళ్ళింది. అందరికీ ఒకటే నచ్చాలని ఎక్కడుంది?

చలి ముదిరిన ఒక సాయంత్రం రత్నం మెట్ల మీద కూర్చుని ఉంటే, గట్టు దిగి బుచ్చిరాజు వస్తూ కనిపించాడు. చంకలో తలగడ ఉంది. గట్టు మీద పశువుల్ని తోలుకొస్తున్న ఇద్దరు ఆగి మరీ చూశారు. ఆయన వాళ్ళని పట్టించుకోలేదు. బోదె దగ్గరికొచ్చి ఆగాడు.

"అమ్మ దగ్గర ఇవాళ మురళి పడుకుంటానన్నాడు," అన్నాడు. "నేనీ పూట ఇక్కడ ఉండొచ్చా?"

ఆ అడగడం చూసి రత్నానికి మనసు పొంగింది. సరేనండి రండి అని నోటిదాకా వచ్చింది. కానీ ఆవిడ పొద్దున్నుంచీ ఒంటరిగా ఉండాలనే అనుకుంది. దీపం పెట్టుకుని, కొత్తగా కుట్టుకుంటున్న బొంత పూర్తి చేద్దామనుకుంది. సరే అంటే అది అబద్ధమయ్యేది. ఆయన నిజంగా అడిగాడు, నిజమే చెప్పాలి.

"ఇవాళ వద్దండి," అంది. "రేపు రండి."

బుచ్చిరాజు ఆవిడ వైపు చూశాడు. ముఖంలో ముందు ఆశ్చర్యం, తర్వాత ఇంకేదో వచ్చింది. తలగడ ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు.

"ఆయ్. రేపొస్తాను," అన్నాడు.

గట్టెక్కి వెళ్ళిపోయాడు. నడకలో కోపం లేదు. రత్నం ఆయన కనుమరుగయ్యేదాకా చూసి లోపలికి వెళ్ళింది. బొంత పూర్తి చేసింది.

మర్నాడు ఎండ వాలకముందే ఆయన వచ్చాడు. ఈసారి బోదె దాటి, మెట్ల కింద చెప్పులు విడిచి, తలుపు తీసే ఉన్నా గుమ్మం మీద వేళ్ళతో తట్టాడు.

"రండి," అంది రత్నం లోపల్నుంచి.